పాఠకుల ప్రశ్నలు, జవాబులు: సాధారణ వాడుకరి పాత్‌లో ఎస్‌బిన్ ఉండవచ్చునా?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మనం టైపు చేసిన కమాండును షెల్ (మన ఆదేశాలను అందుకుని నడిపే ప్రోగ్రాము) ఎక్కడెక్కడ వెతకాలి, ఎక్కడ వెతకకూడదు అన్నదే ఆ విషయం. అలా వెతకవలసిన డైరెక్టరీల జాబితానే పాత్ అంటారు. నిర్వహణ ప్రోగ్రాములు ఉండే డైరెక్టరీ ఎస్‌బిన్. అందుకే ఈసారి శీర్షికనంతా దానికే కేటాయిస్తున్నాను. డైరెక్టరీల పేర్లనూ కమాండ్లనూ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. యంత్రం ముందు కూర్చున్నప్పుడు వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలలోనూ, పాత్ అనే వేరియబుల్ పేరును మాత్రం పెద్ద అక్షరాలలోనూ టైపు చేయాలని మనవి.

ప్రశ్న: నేను విజయవాడలో ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ సైన్సు బోధిస్తున్నాను. మా ల్యాబు యంత్రాలలో డెబియన్ లైనక్స్ ఉంది. డిస్కు విభాగాల పాఠం చెబుతూ పిల్లల చేత 'ఎఫ్‌డిస్క్ -ఎల్' అని టైపు చేయిస్తే 'కమాండ్ నాట్ ఫౌండ్' అని వచ్చింది. నేను ముందు 'సుడో' (అడ్మిన్ అధికారంతో నడిపించే కమాండు) చేర్చి ఇస్తే అదే కమాండు పనిచేసింది. మరొక లైనక్స్ రకమైన ఉబుంటు ఉన్న నా ల్యాప్‌టాప్‌లోనేమో సుడో లేకపోయినా ఎఫ్‌డిస్క్ దొరుకుతోంది. విద్యార్థులకు ఎస్‌బిన్ కనిపించకుండా చేయడం భద్రత కోసమేనా? దానిని వాళ్ల పాత్‌లో చేరిస్తే ప్రమాదమా?

జవాబు: ప్రమాదం లేదు, నిరభ్యంతరంగా చేర్చవచ్చు. ఎందుకు లేదో తెలియాలంటే షెల్ ఒక కమాండును వెతికే తీరును దగ్గరగా చూడాలి.

మీ విద్యార్థి 'ఎఫ్‌డిస్క్' అని కొట్టి ఎంటర్ నొక్కగానే, అది తన అంతర్గత కమాండా, లేక వాడుకరి నిర్వచించుకున్న మారుపేరో ఫంక్షనో అని షెల్ ముందుగా చూసుకుంటుంది. ఏదీ కాకపోతే పాత్ వేరియబుల్‌ను తీసుకుంటుంది. అందులో ఉండేది కోలన్ గుర్తులతో విడదీసిన డైరెక్టరీల వరుస మాత్రమే. డెబియన్‌లో సాధారణ వాడుకరికి /ఈటీసీ/ప్రొఫైల్ ఫైలు ఇచ్చే వరుసలో మొదట /యూఎస్ఆర్/లోకల్/బిన్, తరువాత /యూఎస్ఆర్/బిన్, /బిన్, చివర ఆటల కోసం ఉద్దేశించిన రెండు గేమ్స్ డైరెక్టరీలు ఉంటాయి. షెల్ ఈ అయిదు తలుపులనూ ఎడమ నుంచి కుడికి వరుసగా తడుతుంది. ఎఫ్‌డిస్క్ ఉన్నది /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌లో కాబట్టి ఆ గుమ్మం దాకా షెల్ వెళ్లనే వెళ్లదు. అయిదు చోట్లా లేదని తేలాక 127 అనే ముగింపు సంకేతంతో 'కమాండ్ నాట్ ఫౌండ్' అని చెప్పి ఊరుకుంటుంది.

అదే విద్యార్థి చేత '/యూఎస్ఆర్/ఎస్‌బిన్/ఎఫ్‌డిస్క్ -ఎల్' అని పూర్తి చిరునామాతో టైపు చేయించి చూడండి. పేరులో స్లాష్ ఉంటే షెల్ పాత్ జోలికి పోదు, నేరుగా ఆ ఫైలునే నడుపుతుంది. ప్రోగ్రాము ఏ అడ్డూ లేకుండా మొదలవుతుంది. మొదలై, /డెవ్/ఎస్‌డీఏ అనే డిస్కును తెరవబోయినప్పుడు 'పర్మిషన్ డినైడ్' అంటుంది.

ఈ రెండు సందేశాలనూ మీ తరగతిలో బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించమని కోరుతున్నాను. మొదటిది షెల్ మాట: 'నేను వెతికిన చోట్ల అది లేదు' అని మాత్రమే దాని అర్థం. రెండవది కెర్నల్ (వ్యవస్థ కేంద్ర భాగం) మాట: 'ఈ డిస్కును తెరిచే హక్కు నీకు లేదు' అని దాని అర్థం. కాపలా ఉన్నది రెండవ చోట. పాత్ నుంచి ఎస్‌బిన్‌ను తీసివేయడం వీధి పేరు రాసిన బోర్డును పీకివేయడం వంటిది. బోర్డు లేనంత మాత్రాన ఆ వీధిలోని ఇళ్లకు తాళాలు పడవు.

సుడోతో కమాండు దొరకడానికి కారణం వేరు. సుడో మీ విద్యార్థి పాత్‌ను వాడుకోదు. సుడోయర్స్ ఫైలులో 'సెక్యూర్ పాత్' అనే పేరుతో రాసి ఉన్న వరుసను వాడుతుంది, అందులో ఎస్‌బిన్‌లు ఉంటాయి. ఇక ఉబుంటు, /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ ఫైలు ద్వారా, వాడుకరులందరికీ ఎస్‌బిన్ డైరెక్టరీలను మొదటి నుంచే ఇచ్చేస్తోంది. కోట్ల యంత్రాలలో ఈ ఏర్పాటు నడుస్తోంది, దాని వల్ల ఎవరి డిస్కూ చెరిగిపోలేదు.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. ఏ ఫైలు ఏ డైరెక్టరీలో ఉండాలో నిర్ణయించే ఫైల్‌సిస్టమ్ హయరార్కీ స్టాండర్డ్ అనే ప్రమాణం ఈ సందేహాన్ని సూటిగా తీరుస్తుంది. బిన్, ఎస్‌బిన్ విభజన భద్రత కోసం చేసినది కాదనీ, అందరూ వాడే ప్రోగ్రాములను నిర్వహణ ప్రోగ్రాముల నుంచి విడిగా ఉంచడమే దాని ఉద్దేశమనీ, ఎస్‌బిన్‌ను వాడుకరులకు అందకుండా చేస్తే ఒనగూరే భద్రత ఏమీ లేదనీ అందులో రాసి ఉంది. అయితే అదే ప్రమాణం మరొక మాట కూడా అంటుంది: సాధారణ వాడుకరి ఎప్పుడైనా నేరుగా నడపవలసి వచ్చే ప్రోగ్రాము ఏదైనా బిన్‌లోనే ఉండాలి, ఎస్‌బిన్‌ను పాత్‌లో పెట్టుకోవలసిన అవసరం అతనికి రాకూడదు. మరొక యంత్రం నెట్‌వర్కులో అందుతోందో లేదో చూసే పింగ్‌ను ఉదాహరణగా చూపుతుంది. నెట్‌వర్కు చెడినప్పుడు అడ్మిన్‌కు అది తప్పనిసరే అయినా, మామూలు వాడుకరులు కూడా వాడతారు కాబట్టి దాని చోటు బిన్ అంటుంది.

నియమం చక్కనిదే, ఆచరణే దానిని అందుకోలేదు. మీ విద్యార్థులలో ఎవరైనా తన హోమ్ డైరెక్టరీలో 64 మెగాబైట్ల ఖాళీ ఫైలును సృష్టించి, దాని మీద 'ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4' నడిపి, ఆ ఫైలులోనే ఒక పూర్తి ఫైలు వ్యవస్థను నిర్మించవచ్చు. ఆ తరువాత 'డీబగ్ఎఫ్ఎస్'తో దాని లోపలికి వెళ్లి ఐనోడ్లు (ఫైళ్ల వివరాలుండే నమోదులు) ఎలా ఉన్నాయో కళ్లారా చూడవచ్చు. ఫైలు అతనిదే కనుక రూట్ (సర్వాధికారాలున్న అడ్మిన్ ఖాతా) అధికారం ఎక్కడా అవసరం లేదు. డిస్కు పాఠానికి ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు తెలియదు. కానీ ఆ రెండు ప్రోగ్రాములూ ఎస్‌బిన్‌లోనే ఉన్నాయి. కెర్నల్ అమరికలను చదివి చూపే 'సిస్‌సీటీఎల్', నెట్‌వర్కు వివరాలు చూపే పాత 'ఐఎఫ్‌కాన్ఫిగ్' కూడా అక్కడివే. వీటిని చదవడానికి మాత్రమే వాడే మనిషికి అడ్మిన్ హోదా అక్కరలేదు.

కాబట్టి మీ ల్యాబులో /ఈటీసీ/ప్రొఫైల్.డి డైరెక్టరీలో 'డాట్ ఎస్‌హెచ్' అని ముగిసే ఒక చిన్న ఫైలు పెట్టి, అందులో 'పాత్=$పాత్:/యూఎస్ఆర్/ఎస్‌బిన్' అనే ఒక్క వాక్యం రాయండి. డెబియన్ 12 నుంచి /ఎస్‌బిన్ అనేది /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌కు లింకు మాత్రమే కాబట్టి రెండవదానిని చేరిస్తే చాలు. దానిని వరుస చివర పెట్టమనడానికి కారణం, ఇప్పటికే అలవాటైన కమాండ్లేవీ దారి మారకుండా ఉండాలని. మీరు చెల్లించే మూల్యం ఒకటే: 'ఎంకే' అని కొట్టి ట్యాబ్ నొక్కితే వచ్చే సూచనల జాబితా కొంత పొడవవుతుంది.

ప్రశ్న: భద్రత కోసం కాకపోతే అసలు ఎస్‌బిన్‌ను వేరుగా ఎందుకు పెట్టారు? అందులోని 'ఎస్' అంటే స్టాటిక్ అని ఒకరు, సూపర్‌యూజర్ అని మరొకరు చెబుతున్నారు. ఏది నిజం? (విశ్రాంత ఇంజినీరు, హనుమకొండ)

జవాబు: ఈ డైరెక్టరీలు ఒకరు కూర్చుని గీసిన పటం ప్రకారం పుట్టలేదు. ఇల్లు ఇరుకైనప్పుడల్లా ఒక వసారా దించుకుంటూ పోయినట్టు పెరిగాయి.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు యూనిక్స్‌ను పీడీపీ-11 యంత్రం మీద నడుపుతున్న తొలి సంవత్సరాలలో డిస్కులు చాలా చిన్నవి. ప్రోగ్రాములు /బిన్‌లో ఉండేవి, వాడుకరుల సొంత డైరెక్టరీలు మరొక డిస్కు మీద /యూఎస్ఆర్ కింద ఉండేవి. మొదటి డిస్కు నిండిపోవడంతో కొత్త ప్రోగ్రాములను రెండవ డిస్కు మీదికి మళ్లించారు. /యూఎస్ఆర్/బిన్ పుట్టుక అదే. యంత్రం లేచేటప్పుడు రెండవ డిస్కును మౌంట్ చేయవలసిన (వ్యవస్థకు జోడించవలసిన) ప్రోగ్రాము ఆ రెండవ డిస్కు మీదే ఉంటే పని జరగదు కాబట్టి, ప్రాణాధారమైన ప్రోగ్రాములు మొదటి డిస్కులోనే ఉండాలన్న నియమం ఏర్పడింది.

ఆ రోజులలో ఎస్‌బిన్ లేదు. మౌంట్, ఎంకేఎఫ్ఎస్, ఎఫ్ఎస్‌సీకే వంటి నిర్వహణ ప్రోగ్రాములు /ఈటీసీలో ఉండేవి. ఇప్పుడు మనం అమరిక ఫైళ్లకు మాత్రమే వాడుకునే ఆ డైరెక్టరీ అప్పట్లో పేరుకు తగ్గట్టు 'ఇత్యాదులు' అన్నింటికీ నిలయం. యూనిక్స్ శాఖలలో ఒకటైన బీఎస్‌డీలో ఐఎఫ్‌కాన్ఫిగ్ కూడా మొదట /ఈటీసీ/ఐఎఫ్‌కాన్ఫిగ్‌గానే వచ్చింది. /ఈటీసీ వాడుకరి పాత్‌లో ఉండేది కాదు, అడ్మిన్లు పూర్తి చిరునామా టైపు చేసేవారు. 1980లు ముగిసి 1990లు మొదలయ్యే కాలంలో యూనిక్స్‌లోని సిస్టమ్ ఫైవ్, బీఎస్‌డీ శాఖలు రెండూ అమరిక ఫైళ్లనూ నడిచే ప్రోగ్రాములనూ వేరు చేయాలని సంకల్పించి, ప్రోగ్రాములను /ఎస్‌బిన్, /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌లకు తరలించాయి. అంటే 'ఇవి సాధారణ వాడుకరి పాత్‌లో ఉండవు' అన్న ఆచారం ఎస్‌బిన్‌కు /ఈటీసీ నుంచి సంక్రమించిన ఆస్తి. 1994 ఫిబ్రవరిలో లైనక్స్ కోసం వెలువడిన తొలి ఫైలు వ్యవస్థ ప్రమాణం నుంచి 2015 జూన్ నాటి 3.0 సంచిక దాకా ఆ ఆచారమే కొనసాగింది.

'ఎస్' విషయానికి వస్తే, ప్రమాణం తీసుకున్న అర్థం 'సిస్టమ్'. స్టాటిక్ అన్న వివరణ కూడా గాలికి పుట్టినది కాదు. సోలారిస్ వంటి వ్యవస్థలలో, /యూఎస్ఆర్ ఇంకా మౌంట్ కానప్పుడు లైబ్రరీల సాయం లేకుండా నడవవలసిన ప్రోగ్రాములను స్టాటిక్‌గా నిర్మించి /ఎస్‌బిన్‌లో ఉంచేవారు. దానిని చూసినవారు అక్షరానికి ఆ అర్థం చెప్పుకున్నారు. ఈనాటి లైనక్స్ ఎస్‌బిన్‌లో ఉన్నవి మాత్రం దాదాపు అన్నీ లైబ్రరీల మీద ఆధారపడినవే.

విభజనకు కారణమైన చిన్న డిస్కులు పోయాయి కనుక గోడలు కూడా ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. 2012లో ఫెడోరా 17 అనే లైనక్స్ విడుదల /బిన్‌ను /యూఎస్ఆర్/బిన్‌లో కలిపింది. 2013 జూన్‌లో ఆర్చ్ లైనక్స్ ఎస్‌బిన్‌ను కూడా అందులోనే కలిపివేసింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 42లో /యూఎస్ఆర్/ఎస్‌బిన్ అనేది బిన్‌కు లింకుగా మారింది. డిస్ట్రోల (లైనక్స్ రకాల) మధ్య పొంతన లేకపోవడం కూడా దీనికి ఒక కారణం. ఉదాహరణకు 'ఐపీ' కమాండు డెబియన్‌లో బిన్‌లోనూ, ఫెడోరాలో ఎస్‌బిన్‌లోనూ ఉండేది. ఒక ప్రోగ్రాము అడ్మిన్‌దా అందరిదా అన్న ప్రశ్నకు ఏళ్ల తరబడి పనిచేసిన నిపుణులే ఒకే జవాబు ఇవ్వలేకపోయారంటే, ఆ ప్రశ్నలోనే లోపముందని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: మా కార్యాలయంలోని సర్వరును డెబియన్ 9 నుంచి కొత్త విడుదలకు మార్చిన తరువాత 'సు' అని కొట్టి రూట్ పాస్‌వర్డు ఇచ్చినా, కొత్త ఖాతాలు సృష్టించే 'యూజర్‌యాడ్' దొరకడం లేదు. రూట్‌కు కూడా ఎస్‌బిన్ లేకుండా పోయిందా? (కర్నూలు)

జవాబు: లేకుండా పోలేదు, మీరు పిలిచే తీరు మారాలి. 2019 జూలైలో వచ్చిన డెబియన్ 10 నుంచి 'సు' కమాండు వేరే ప్యాకేజీ నుంచి వస్తోంది. పాతది రూట్‌గా మారినప్పుడు పాత్‌ను కూడా రూట్‌కు తగినట్టు మార్చేది. కొత్తది ఒట్టి 'సు' అంటే మీ పాత పాత్‌ను అలాగే ఉంచుతుంది. హోదా రూట్‌ది, దారుల జాబితా మాత్రం మీది. అందుకే ఎస్‌బిన్ కనబడలేదు.

'సు -' అని హైఫన్‌తో కలిపి ఇవ్వండి. అప్పుడు రూట్‌గా కొత్తగా లాగిన్ అయినట్టే కాబట్టి పాత్ కూడా రూట్‌దే వస్తుంది. /ఈటీసీ/లాగిన్.డెఫ్స్‌లో 'ఆల్వేస్ సెట్ పాత్' (పెద్ద అక్షరాలలో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో) అన్న అమరికను 'యెస్' చేస్తే పాత తీరు తిరిగి వస్తుంది, కానీ నేను హైఫన్ అలవాటునే సిఫారసు చేస్తాను. ఒట్టి 'సు'తో మీ పాత్ రూట్ చేతికి వెళ్లడంలో ఎస్‌బిన్ కనబడకపోవడం చిన్న ఇబ్బంది. మీ హోమ్ డైరెక్టరీలోని బిన్ ఆ వరుసలో ముందు ఉంటే, అందులో మీ ఖాతాలో చొరబడినవారెవరైనా, ఫైళ్ల జాబితా చూపే కమాండైన 'ఎల్ఎస్' అనే పేరుతో ఒక ఫైలు పెట్టి ఉంటే, దానిని నడిపేది ఇప్పుడు రూట్. అది పెద్ద ప్రమాదం.

ప్రశ్న: సి ప్రోగ్రాము రాసి కంపైల్ చేసిన ప్రతిసారీ 'డాట్ స్లాష్ ఏ డాట్ అవుట్' అని కొట్టవలసి వస్తోంది. పాత్‌లో చుక్క పెట్టుకుంటే సరిపోతుందని మా సీనియర్లు చెప్పారు. పెట్టుకోవచ్చా? (ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: వద్దమ్మా. ఎస్‌బిన్ విషయంలో ఎంత నిశ్చింతగా 'చేర్చుకోండి' అన్నానో, చుక్క విషయంలో అంత గట్టిగా 'వద్దు' అంటున్నాను. ఏ డైరెక్టరీనైనా పాత్‌లో పెట్టే ముందు అందులో ఏమి ఉందని కాక, అందులో రాయగలిగినవారు ఎవరని అడగాలి. ఎస్‌బిన్‌లో రాయగలిగేది రూట్ ఒక్కరే. చుక్క అంటే 'నేను ఇప్పుడు ఉన్న డైరెక్టరీ'. మీరు ఎక్కడ ఉంటే అక్కడి మనుషుల చేతికి మీ తాళం ఇచ్చినట్టు.

మీ ల్యాబు సర్వరులో /టీఎంపీ డైరెక్టరీ ఉంటుంది, అందులో ఎవరైనా ఫైలు పెట్టవచ్చు. మీ సహపాఠి ఒకరు అక్కడ 'ఎల్ఎస్' అనే పేరుతో నాలుగు వరుసల స్క్రిప్టు పెట్టారనుకోండి. మొదటి వరుస మీ హోమ్ డైరెక్టరీని అందరికీ తెరుస్తుంది, చివరి వరుస అసలు ఎల్ఎస్‌ను పిలుస్తుంది. మీరు /టీఎంపీలోకి వెళ్లి 'ఎల్ఎస్' కొడతారు. పాత్‌లో చుక్క ముందు ఉంటే ఆ స్క్రిప్టే నడుస్తుంది, మామూలు జాబితా కూడా కనిపిస్తుంది, ఏదో జరిగిందన్న అనుమానమే రాదు. చుక్కను చివర పెడితే కొంత నయం కానీ, అక్షరాలు తారుమారై 'ఎస్ఎల్' అని కొట్టే రోజు అందరికీ వస్తుంది. ఆ పేరుతో కూడా ఒక ఫైలు అక్కడ కాచుకుని ఉండవచ్చు.

1979లో వచ్చిన ఏడవ ఎడిషన్ యూనిక్స్‌లో బోర్న్ షెల్ సహజ పాత్ కోలన్‌తోనే మొదలయ్యేది: ':/బిన్:/యూఎస్ఆర్/బిన్'. కోలన్‌కు ముందు ఏమీ లేకపోవడమంటే ప్రస్తుత డైరెక్టరీ అని అర్థం. అంటే అప్పట్లో అన్నింటికన్నా ముందు వెతికేది మనం ఉన్న చోటునే. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది పంచుకునే యంత్రాలకు అది సరిపోయింది. ఖాళీకి ఉన్న ఆ పాత అర్థం నేటికీ పోలేదు. అదే నన్ను ఒకసారి ఇబ్బంది పెట్టింది.

నేను గతంలో పనిచేసిన ఒక చోట, లాగిన్ స్క్రిప్టులో '$పాత్:$అదనం' అనే తరహా వాక్యం ఉండేది. 'అదనం' అన్న వేరియబుల్‌లో కొందరికి ఒక డైరెక్టరీ పేరు ఉండేది, చాలామందికి ఖాళీగా ఉండేది. ఖాళీగా ఉన్నవారి పాత్ చివర ఒక్క కోలన్ మిగిలిపోయేది. ఎవరూ చుక్క పెట్టలేదు, అయినా అందరి పాత్‌లో చుక్క ఉన్నట్టే. ఒక రోజు నేను ఒక పని డైరెక్టరీలో ఉండి, ఆ యంత్రంలో ఇన్‌స్టాల్ కాని ఒక కమాండును కొట్టాను. 'దొరకలేదు' అని రావలసినది పోయి, ఎవరో అదే పేరుతో అక్కడ వదిలేసిన పాత స్క్రిప్టు నడిచి, ఒక ఫలితాల ఫైలును తుడిచివేసింది. ఆ కోలన్‌ను కనిపెట్టడానికి నాకు సగం రోజు పట్టింది. అందువల్ల 'ఎకో $పాత్' కొట్టినప్పుడు పేర్లనే కాక, మొదట, చివర, మధ్యలో పక్కపక్కనే రెండు కోలన్లు ఉన్నాయేమో కూడా చూడండి.

'డాట్ స్లాష్' అన్న రెండు కీలు బరువనిపిస్తే మీ ప్రోగ్రాములను హోమ్‌లోని బిన్‌లో పెట్టుకోండి, ఆ వివరం చివరి ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటున్నాను, ఇంట్లో మ్యాక్, పనిలో ఫ్రీబీఎస్‌డీ వాడతాను. మీరు చెప్పే ఈ సమస్య నాకు ఎన్నడూ ఎదురుకాలేదు. కారణమేమిటి?

జవాబు: ఆ రెండు వ్యవస్థలూ సాధారణ వాడుకరికి ఎస్‌బిన్‌ను ముందే ఇచ్చేశాయి. మ్యాక్‌లో /ఈటీసీ/పాత్స్ అనే ఫైలు ఉంటుంది, దానిలో వరుసకొక డైరెక్టరీ చొప్పున /యూఎస్ఆర్/లోకల్/బిన్, /యూఎస్ఆర్/బిన్, /బిన్, /యూఎస్ఆర్/ఎస్‌బిన్, /ఎస్‌బిన్ రాసి ఉంటాయి. 2007 నాటి లెపర్డ్ విడుదల నుంచి 'పాత్ హెల్పర్' అనే చిన్న ప్రోగ్రాము ఆ ఫైలును చదివి పాత్‌ను కూరుస్తోంది. ఫ్రీబీఎస్‌డీలో ఆ పని /ఈటీసీ/లాగిన్.కాన్ఫ్ చేస్తుంది, అక్కడ /ఎస్‌బిన్ అన్నింటికన్నా ముందే ఉంటుంది. మ్యాక్‌లో ఒక జాగ్రత్త తీసుకోండి. పాత్ హెల్పర్ లాగిన్ సమయంలో వ్యవస్థ డైరెక్టరీలను వరుస ముందుకు తెస్తుంది కాబట్టి, జడ్‌ఎస్‌హెచ్ షెల్ వాడేవారు తమ మార్పులను '.జడ్ఎస్‌హెచ్ఈఎన్‌వీ'లో రాస్తే అవి వెనక్కు పోతాయి. '.జడ్‌ప్రొఫైల్'లో రాయడం మేలు.

ప్రశ్న: టెర్మినల్‌లో చక్కగా నడిచే స్క్రిప్టు, నియమిత వేళలలో పనులు నడిపే క్రాన్‌లో పెడితే నడవడం లేదు. పాత్‌లో అన్నీ ఉన్నాయి, ఎస్‌బిన్ కూడా ఉంది. (నిజామాబాద్)

జవాబు: మీరు చూసిన పాత్ మీ టెర్మినల్‌ది. క్రాన్ మీ లాగిన్ ఫైళ్లను చదవదు. డెబియన్‌లో సాధారణ వాడుకరి క్రాన్ పనికి దక్కేవి /యూఎస్ఆర్/బిన్, /బిన్ అనే రెండు డైరెక్టరీలే. ఎస్‌బిన్ మాట అటుంచి, /యూఎస్ఆర్/లోకల్/బిన్ కూడా అందులో ఉండదు.

ఈ తేడా తెలియక నష్టపోయినవారిని చూశాను. నాకు తెలిసిన ఒక చిన్న కార్యాలయంలో రాత్రి పూట నకలు తీసే స్క్రిప్టు పదకొండు రాత్రులు ఏ పనీ చేయలేదు. అది పిలిచే ప్రోగ్రాము /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో ఉంది. క్రాన్ ప్రతి రాత్రీ 'నాట్ ఫౌండ్' అన్న సందేశాన్ని ఆ యంత్రంలోని స్థానిక మెయిలుకు పంపుతూనే ఉంది, ఆ పెట్టెను తెరిచి చూసేవారు ఎవరూ లేరు.

క్రాన్ పనులు రాసే క్రాన్‌ట్యాబ్ ఫైలు మొదటి వరుసలోనే పాత్‌ను పూర్తిగా రాయండి. అక్కడ '$పాత్:' అని మొదలుపెట్టి చివర చేర్చే పద్ధతి పనిచేయదు, ఎందుకంటే క్రాన్ ఆ వరుసలోని వేరియబుళ్లను విప్పదు, ఉన్నది ఉన్నట్టు అక్షరాలుగా తీసుకుంటుంది. కీలకమైన స్క్రిప్టులలో నేను ఇంకొక అడుగు ముందుకు వేసి, స్క్రిప్టు లోపలే పాత్‌ను మొదటి నుంచి చివరి దాకా నిర్వచిస్తాను. దానిని ఎవరు ఎక్కడి నుంచి పిలిచినా ఒకే దారిలో వెతుకుతుంది.

ప్రశ్న: సొంత స్క్రిప్టులకు ఏ డైరెక్టరీ తగినది? /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో పెట్టవచ్చా? (బెంగళూరు)

జవాబు: యంత్రంలోని అందరూ వాడవలసినదైతే /యూఎస్ఆర్/లోకల్/బిన్ సరైన చోటు. మీ ఒక్కరి కోసమైతే హోమ్ డైరెక్టరీలో బిన్ గానీ, '.లోకల్/బిన్' గానీ చాలు. డెబియన్, ఉబుంటులలో '.ప్రొఫైల్' ఫైలు ఆ రెండు డైరెక్టరీలూ ఉన్నాయేమో చూసి, ఉంటే పాత్ ముందు భాగంలో తానే చేరుస్తుంది. ఆ పరీక్ష లాగిన్ సమయంలో మాత్రమే జరుగుతుంది కాబట్టి, డైరెక్టరీని కొత్తగా సృష్టించిన రోజు ఒకసారి లాగవుట్ చేసి మళ్లీ లోపలికి రావాలి. అప్పటికీ చేరకపోతే హోమ్‌లో '.బాష్ ప్రొఫైల్' (మధ్యలో అండర్‌స్కోర్) అనే ఫైలు ఏదైనా ఉందేమో చూడండి, అది ఉంటే బాష్ షెల్ '.ప్రొఫైల్'ను చదవదు. చేర్పులను '.బాష్ఆర్‌సీ'లో రాయకండి, షెల్ లోపల షెల్ తెరిచిన ప్రతిసారీ అదే డైరెక్టరీ మరొకసారి చేరి పాత్ సాగిపోతూ ఉంటుంది. ఒకే పేరుతో రెండు ప్రోగ్రాములు ఉన్నాయన్న అనుమానం వస్తే 'టైప్ -ఏ' తరువాత ఆ పేరు ఇవ్వండి. షెల్ వాటిని ఏ వరుసలో చూస్తుందో ఆ వరుసలోనే చూపిస్తుంది, అన్నింటికన్నా పైన ఉన్నదే నడుస్తుంది.